వల లాగే చేతులకు వాటా ఎంత?

శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఒడిశా కొండల్లో పుట్టి, రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా నడిచి వచ్చిన ఏరు ఇక్కడికి వచ్చేసరికి మందగించి, వెడల్పయి, ఇసుక తిన్నెల మధ్య దారి వెతుక్కుంటూ సముద్రంలో పడుతుంది. ఆ చోటును జనం మొగ అంటారు. మొగకు అటూ ఇటూ కనుచూపు మేర ఇసుక. ఇసుక వెనుక సరుగుడు తోటలు. వాటి వెనుక వాడబలిజ, జాలరి పేటలు. ఇంకా వెనక్కు వెళితే వరి మళ్లు.

తెల్లవారుజామున ఈ ఒడ్డున నిలబడితే రెండు వరసల మనుషులు కనిపిస్తారు. ఒక్కొక్క వరస ఒక్కొక్క తాడు పట్టుకుని, మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కు వాలి, వెనక్కే నడుస్తూ ఉంటుంది. మన పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు కూడా వెనక్కే నడుస్తారు. వారి కళ్ల ముందు నాటిన వరస పెరుగుతూ పోతుంది. వీరి కళ్ల ముందు మాత్రం సముద్రమే. వల ఒడ్డుకు చేరేదాకా అందులో ఏముందో తెలియదు.

రైతుల, కూలీల సమస్యలు రాసే ఈ శీర్షికలో చేపల వేట గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మేం చెప్పదలచింది అదే. ఆ తాడు పట్టినవాడికి వల లేదు, పడవ లేదు, గజం నేల లేదు. చేతులు ఉన్నాయి. వాటిని రోజూ అమ్ముకుంటాడు. అతడు కూలీ కాకపోతే మరెవరు కూలీ?

పెద్దవల పని

ఒడ్డు నుంచి లాగే ఈ వలను పెద్దవల అంటారు, అలివి వల అని కూడా అంటారు. రెండు వైపులా పొడవైన చేతులు, నడుమ ఒక సంచి. పై అంచుకు తేలడానికి బెండ్లు, కింది అంచుకు మునగడానికి బరువులు. ఒకప్పుడు నూలుతో, జనుముతో అల్లిన వలలు ఉండేవి. 1960ల తర్వాత నైలాను వచ్చింది. పడవలూ మారాయి. మేకు అన్నది లేకుండా చెక్కలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు పోయి, 1980ల తర్వాత ఫైబరు పడవలు వచ్చాయి. మారనిది ఒక్కటే, తాడు లాగే పని.

పని సాగే తీరు ఇది. తాడు ఒక కొసను ఒడ్డున ఒక జట్టు పట్టుకుంటుంది. పడవ వలతో బయలుదేరి, విరిగే కెరటాలు దాటి, వల దింపుకుంటూ అర్ధచంద్రాకారంలో తిరిగి, రెండో కొసను దూరంగా మరో చోట ఒడ్డుకు తెస్తుంది. అక్కడ రెండో జట్టు దాన్ని అందుకుంటుంది. ఇక లాగుడు. రెండు జట్లూ లాగుతూ లాగుతూ ఒకదాని దగ్గరకు ఒకటి జరుగుతాయి. ఒకరు ముందు లాగినా, ఒకరు వెనకబడినా వల వాలిపోతుంది, చేప పక్కనుంచి జారిపోతుంది. ఒకరిద్దరు నీళ్లలోకి దిగి వల వెంట ఈదుతూ, ఎక్కడైనా ముడిపడితే విడదీస్తారు. చివరికి సంచి ఇసుక మీదకు వస్తుంది. ఒక్కొక్క లాగుడు గంటల తరబడి సాగుతుంది. పెద్ద వలకు ముప్ఫయి, నలభై మంది కావాలి.

ఈ పని ఒంటరివాడి వల్ల కాదు. కోతల్లాగే, ఊడ్పుల్లాగే ఇదీ జట్టు పని. జట్టులో ముసలివాళ్లుంటారు, బడి మానేసిన పిల్లలుంటారు. పడవెక్కి దూరం వెళ్లే ఓపిక లేనివాడికి, పడవలో చోటు దొరకనివాడికి పెద్దవల తాడే చివరి ఆసరా. అందుకే ఊళ్లో అందరికంటే పేదవాళ్లు ఎవరో చూడాలంటే తాడు దగ్గరకు వెళ్లాలి.

పడితే నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, సావడాయిలు. అదృష్టం బాగుంటే రొయ్య. ఏమీ పడని రోజులు కూడా ఉంటాయి. సంచి నిండా నాచు, ప్లాస్టిక్ సంచులు, నాలుగు జెల్లీ చేపలు వచ్చే రోజులు ఎక్కువవుతున్నాయని ఒడ్డున ఎవరిని అడిగినా చెబుతారు.

పాలు పంచేదెలా?

కూలికి రేటు ఉంటుంది. అది తక్కువే కావచ్చు, దానికోసం సమ్మె చేయాల్సి రావచ్చు, కాని సాయంత్రానికి ఇంత అని తెలుస్తుంది. వల లాగేవాడికి రేటు లేదు. అతడిది పాలు. పడితే పాలు, పడకపోతే సున్న. నష్టంలో వాటా మాత్రం పూర్తిగా వస్తుంది.

పాలు పంచే పద్ధతి ఊరిని బట్టి మారుతుంది. అన్నిచోట్లా ఉన్న సూత్రం ఒకటే. మొదట వల పాలు, పడవ పాలు తీస్తారు. మిగిలినది మనుషులకు పంచుతారు. లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ చెబుతాం. పదివేల రూపాయల సరుకు పడిందనుకోండి. పాట పెట్టి కొన్న షావుకారు కమీషను పేరుతో వెయ్యి కోసుకున్నాడనుకోండి. మిగిలిన తొమ్మిది వేలల్లో సగం వలకూ పడవకూ పోయిందనుకోండి. నాలుగువేల అయిదు వందలు నలభై మందికి పంచితే తలకు నూట పన్నెండున్నర రూపాయలు. ఆ రోజు రెండోసారి వల దింపితే, అందులో ఏమీ పడకపోతే, ఆ నూట పన్నెండున్నరే రోజు మొత్తం కూలి.

వల యజమానిని ఒక్కణ్ణే తిట్టి లాభం లేదు. పెద్దవలకు పెట్టుబడి కావాలి. చిరిగితే బాగుచేయించాలి. తుపాను వస్తే వల పోతుంది, పడవ పోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు ఈ తీరం అదే చూసింది. యజమాని చేతిలో డబ్బుండదు. షావుకారు దగ్గర బయానా తీసుకుంటాడు. బయానా తీసుకున్నాక సరుకు అతనికే ఇవ్వాలి, అతను చెప్పిన ధరకే ఇవ్వాలి. అప్పు తీరేది కాదు, తీరాలని షావుకారు కోరుకోడు. వడ్డీ కంటే కట్టుబడి ముఖ్యం అతనికి. ధాన్యం కళ్లంలో ఉండగానే షావుకారుకు తాకట్టు పడిన సన్నకారు రైతుకు ఈ కథ కొత్త కాదు. అక్కడ కాటా దగ్గర జరిగే మోసమే ఇక్కడ ఇసుక మీద జరుగుతుంది.

"వల మనది కాదు బావూ, నావ మనది కాదు. సేతులే మనవి. ఆటికెంతిస్తారో ఆళ్లిష్టం" అన్నాడు ఒక ముసలాయన, తాడు చుట్ట చుడుతూ. అతని అరచేతిలో గీతలు కనబడలేదు. అంతా ఒకే కాయ.

ఆడవాళ్ల పని లెక్కలోకే రాదు. సరుకు ఒడ్డున పడ్డ క్షణం నుంచి వాళ్ల పని మొదలవుతుంది. ఏరడం, కడగడం, ఇసుక మీద ఎండబెట్టడం, కాకులనూ కుక్కలనూ కాయడం, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరగడం. "మా పాలేటో మాకు తెల్దమ్మా. ఆడు తెచ్చింది అప్పుకి, నానమ్మింది అన్నానికి" అంది ఒకామె. వెనకటి రోజుల్లో ఎండు నెత్తళ్లు కొలిచి ఇచ్చి ధాన్యం కొలిచి తెచ్చుకునేవారు. కోతల కూలీ అంబలిలో నంజుకున్న ఎండుచేప ఈ ఇసుక మీద ఎండిందే. కూలీకీ జాలరికీ ఉన్న బంధుత్వం ఆ గంపలో ఉంది.

మొగ చేపలకు నారుమడి

ఇక మొగ సంగతి. మొగలో పట్టిన నాలుగు చేపలే మొగ విలువ అనుకుంటే పొరపాటు. రైతుకు తెలిసే మాటల్లో చెప్పాలంటే మొగ చేపలకు నారుమడి.

రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతో పాటు మొగలోకి వస్తాయి. ఉప్పూ తీపీ కలిసిన నీటిలో, బురదలో, మడ చెట్ల వేళ్ల మధ్య పెరుగుతాయి. ఎదిగాక తిరిగి సముద్రానికి పోతాయి. పండుగప్ప దీనికి ఎదురు. అది మొగలోనూ ఏటిలోనూ పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రం వైపు పోతుంది. బొంతలు మందలు మందలుగా లోపలికీ బయటికీ తిరుగుతాయి. ఆటుపోట్ల వేళ తెలిసినవాడు ఒడ్డున నిలబడి విసురు వలతోనే కూర సంపాదించుకుంటాడు. పడవ అక్కరలేదు, అప్పు అక్కరలేదు. పేదవాడికి మొగ ఇచ్చే వరం అది.

నారుమడి ఎండితే పొలం ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. మొగ మూసుకుపోతే సముద్రంలో చేప తగ్గిపోతుంది. మొగ తెరిచి ఉండాలంటే ఏటిలో నీరు పారాలి. వరద వచ్చినప్పుడు ఏరు ఇసుక తిన్నెను కోసుకుని దారి చేసుకుంటుంది. వరద తగ్గాక సముద్రం మళ్లీ ఇసుక తెచ్చి దారి కట్టేస్తుంది. ఏరూ సముద్రమూ ఏటేటా చేసే కుస్తీ ఇది. ఏరు బలహీనపడితే సముద్రానిదే పైచేయి.

వంశధార మీద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ 1977లో పూర్తయింది. ఎడమ, కుడి కాలువల కింద రెండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఏర్పడింది. అది మంచి పని. వలసలకు పేరుపడిన జిల్లాలో అన్నం పెట్టిన పని. మేం దాన్ని తప్పు పట్టడం లేదు. కాని బ్యారేజీ దిగువకు వచ్చే నీటిని ఎవరూ పట్టించుకోరు. సముద్రంలో కలిసే ప్రతి చుక్కా వృథా అని మంత్రులు అంటారు, పత్రికలు రాస్తాయి, మనలో కొందరూ నమ్ముతారు. అది వృథా కాదు. మొగకు అది ప్రాణం. ఆ నీరు రాకపోతే, దానికి తోడు కాంట్రాక్టర్లు ఏటి ఇసుకను లోతుకంటా తవ్వేస్తే, ఉప్పునీరు ఏటి వెంట పైకి ఎక్కుతుంది, ఒడ్డు పొలాల బావుల్లోకి దిగుతుంది. అప్పుడు జాలరి వలతోపాటు రైతు మడి కూడా పోతుంది. ఇద్దరికీ ముంచుకొచ్చే ప్రమాదం ఒకటే.

ఒడ్డు ఎవరిది?

వల లాగడానికి ఒడ్డు కావాలి. ఎత్తుపల్లాలు లేని, రాళ్లు లేని, ఖాళీ ఇసుక కావాలి. వల ఆరబెట్టడానికి, చేప ఎండబెట్టడానికి, పడవ నిలపడానికి చోటు కావాలి. తరతరాలుగా ఆ ఇసుక ఊరిది. ఏ పేట వల ఎక్కడ దింపాలో, ఎవరి తర్వాత ఎవరు దింపాలో ఊరి పెద్దలు కట్టుబాటు చేసుకున్నారు. అయితే ఆ కట్టుబాటుకు కాగితం లేదు. కాగితం లేని హక్కుకు కచేరీలో విలువ లేదు.

కాగితం ఉన్నవాళ్లు వచ్చారు. రొయ్యల చెరువులు వచ్చాయి. 1980ల చివర, 1990లలో టైగర్ రొయ్య పిల్లల కోసం మొగల్లో సన్నపు వలలు తిరిగాయి. మోకాటి లోతు నీటిలో నిలబడి పట్టింది ఆడవాళ్లు, పిల్లలు. లాభం తిన్నది చెరువుల యజమానులు. ఒక్క రొయ్య పిల్లను ఏరుకుని, దానితో వచ్చిన మిగతా చేప పిల్లలను ఒడ్డున పారబోశారు. నారుమడిలో ఒక్క మొక్క కోసం మడంతా పీకినట్టయింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తర్వాత కూడా చెరువులు పెరుగుతూనే వచ్చాయి.

తీరాన్ని కాపాడడానికంటూ 1991 ఫిబ్రవరిలో తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు వచ్చాయి. 2011లో వాటిని మార్చారు, 2019 జనవరిలో మళ్లీ మార్చారు. పల్లె తీరాల్లో పోటు గీత నుంచి రెండు వందల మీటర్ల దాకా కట్టడాలు కూడదన్న నియమం ఉండేది. జన సాంద్రత ఎక్కువగా ఉన్న పల్లెల్లో దాన్ని యాభై మీటర్లకు కుదించారు. ఇసుక మీదే తాత్కాలిక పర్యాటక కట్టడాలకు తలుపు తెరిచారు. వల ఆరేసుకునే చోట రేపు కుర్చీలు వేస్తే అడిగేందుకు జాలరి చేతిలో ఏముంది?

రేవుల సంగతి ఇంకొకటి. ఈ జిల్లాలోనే మూలపేట రేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. రేవు కోసం సముద్రంలోకి రాతి గోడ కడితే, తీరం వెంట కదిలే ఇసుక ఒక పక్క మేట వేస్తుంది, మరో పక్క కోసుకుపోతుంది. 1970లలో విశాఖలో ఔటర్ హార్బరు కట్టిన తర్వాత నగరపు బీచి కోత పడి, తవ్వితీసిన ఇసుకను తెచ్చి పోయవలసి రావడం అందరూ చూసిందే. నగరానికి ఇసుక తెచ్చి పోస్తారు. పేటకు ఎవరు తెచ్చి పోస్తారు? అభివృద్ధికి మేం వ్యతిరేకులం కాము. ఎవరి ఒడ్డు కోసి ఎవరికి అభివృద్ధి అన్నదే మా ప్రశ్న.

చట్టంలో కనబడని మనిషి

1994లో రాష్ట్రంలో సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం వచ్చింది. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా సంప్రదాయ వేటగాళ్లకే అన్నారు. మరబోట్లు దాని అవతల తిరగాలి. ఆ గీత నీటి మీద కనబడదు, కాపలా పడవలు చాలవు. రాత్రిపూట దీపాలు చూసి మరబోటు ఎంత దగ్గరగా ఉందో ఒడ్డున ఉన్నవాడు చెప్పగలడు, కాని ఎవరికి చెప్పాలి?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. 2015 నుంచి అది అరవై ఒక్క రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని నిషేధం పెట్టారు, మంచిదే. ఇంజను లేని పడవలకు అది వర్తించదు. కాని ఇప్పుడు పెద్దవల దింపే పడవలకు కూడా చాలాచోట్ల ఇంజనులు వచ్చాయి. పడవ ఆగితే వల ఆగుతుంది, వల ఆగితే తాడు ఆగుతుంది.

ఈ కాలానికి ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2019లో పది వేలు చేశారు. 2025 ఏప్రిల్‌లో మన జిల్లా బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి దాన్ని ఇరవై వేలు చేస్తూ ప్రారంభించారు. పెంచడం జాలర్ల చాలా కాలపు కోరిక, అది కొంత నెరవేరింది. అయితే ఈ సాయానికి లెక్క పడవతో మొదలవుతుంది. రిజిస్టరయిన పడవ, దాని మీద పనిచేసే ఇంతమంది పేర్లు. ఒడ్డున తాడు లాగే నలభై మందిలో పడవ మీద ఎక్కేది అయిదారుగురు. మిగిలినవాళ్లు ఏ పడవ మనుషులు? చేపలమ్మే ఆడది ఏ పడవ మనిషి?

బతుకు ఇలా ఉన్నప్పుడు యువకుడు ఊళ్లో ఎందుకుంటాడు? ఈ జిల్లా కుర్రవాళ్లు గుజరాత్ లోని వెరావల్ వెళ్లి మరబోట్ల మీద నెలజీతానికి పనిచేస్తున్నారు. తొమ్మిది వందల కిలోమీటర్లకు పైగా సముద్రమున్న రాష్ట్రం నుంచి ఇంకొకరి సముద్రానికి వలస! 2018 చివర్లో ఉత్తరాంధ్ర జాలర్లు పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. ఏడాదికి పైగా చెరలో ఉండి, 2020 జనవరిలో ఇరవై మంది తిరిగి వచ్చారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేలమంది వెరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోయి, ఏప్రిల్ చివర బస్సుల్లో ఇళ్లకు చేరారు. తాడుకు సరైన పాలు దక్కి ఉంటే వారిలో ఎందరు వెళ్లేవారు?

మన ఇంట్లో తప్పు కూడా చూడాలి

ఒక నిజం దాచకూడదు. పెద్దవల సంచి కన్ను చాలా సన్నం. ఎదిగిన చేపతో పాటు పిల్ల చేప కూడా అందులో పడుతుంది. ఇదే కారణం చూపి పెద్దవలను పూర్తిగా మాన్పించాలని కొందరంటున్నారు. వేరే వలలు వాడే జాలర్లే ఈ మాట మీద గొడవ పడిన ఊళ్లూ ఉన్నాయి.

దీనికి జవాబు తిట్టుకోవడం కాదు. పిల్ల చేపను చంపడంలో మొదటి ముద్దాయి సముద్రం అడుగు ఊడ్చే మరబోటు. అలాగని మన చేతిలోని తప్పు ఒప్పయిపోదు. విత్తనాల గింజలు వండుకు తిన్న రైతుకు మరుసటి ఏడు పంట ఉండదు. సంచి కన్ను పెద్దది చేయాలి. పిల్లలు మందలుగా వచ్చే రోజుల్లో మొగ ముఖంలో వల దింపకూడదు. ఈ కట్టుబాటును ఊరే పెట్టుకోవాలి, వల మార్చుకోవడానికయ్యే ఖర్చును ప్రభుత్వం భరించాలి. పేదవాడి వల కోసి సముద్రాన్ని కాపాడామని చెప్పుకోవడం, మరబోటును చూసీ చూడనట్టు వదిలేయడం న్యాయం కాదు.

ఏం చేయాలి?

రైతుకూ జాలరికీ తగవు పెట్టాలని చూసేవాళ్లున్నారు. ఈ జిల్లా అనుభవం వేరే పాఠం చెబుతోంది. సోంపేటలో బీల భూముల మీద థర్మల్ కేంద్రం కడతామన్నప్పుడు వరి పండించే రైతూ, బీలలో చేపలు పట్టే జాలరీ, కూలీ ఒక్కటయ్యారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. జనం వెనక్కు తగ్గలేదు, కేంద్రం రాలేదు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. నేల కోసం, నీటి కోసం కలిసి నిలబడినవాళ్లు పాలు కోసం కూడా కలిసి నిలబడగలరు.

మేం కోరేవి పెద్ద కోరికలు కావు. ఒడ్డున వల లాగేవాళ్లను, చేపలమ్మే ఆడవాళ్లను పేరుపేరునా మత్స్య కార్మికులుగా నమోదు చేయాలి. వేట లేని రోజుల సాయం పడవను చూసి కాక మనిషిని చూసి ఇవ్వాలి, ఆ రోజుల్లో ఊళ్లోనే ఉపాధి పని చూపాలి. వల దింపే ఒడ్డును, చేప ఎండబెట్టే ఇసుకను ఊరి ఉమ్మడి భూమిగా సర్వే చేసి పటంలో గీయాలి. ఎనిమిది కిలోమీటర్ల గీతను కాగితం మీద కాక నీటి మీద అమలు చేయాలి. మొగకు నీరు వదలడం కూడా ప్రాజెక్టు లెక్కల్లో ఒక పద్దు కావాలి. వల, పడవ కొనడానికి సహకార సంఘాల ద్వారా అప్పు దొరికితే బయానా పట్టు సడలుతుంది. అప్పుడే పాలు లెక్క తిరగరాయవచ్చు.

ఇవి అర్జీలతో వచ్చేవి కావు. వ్యవసాయ కూలీ సంఘం ఉన్న ప్రతి తీర గ్రామంలోనూ కార్యకర్తలు పేటకు కూడా వెళ్లాలి. ఊరికీ పేటకూ నడుమ ఉన్నది ఒక సరుగుడు తోట. దాన్ని దాటడానికి పది నిమిషాలు పట్టదు, కాని చాలామందిమి ఇన్నేళ్లుగా దాటలేదు.

వల లాగేవాళ్లకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. రెండు తాళ్లూ ఒక్కసారి కదిలితేనే సంచి ఒడ్డుకు వస్తుంది. ఒక తాడు పొలంలో ఉంది, ఒక తాడు ఇసుక మీద ఉంది. రెండు జట్లూ దగ్గరకు జరగాలి.